నక్కవాగు నీళ్లు ఎవరు తొక్కారు?

యెహెజ్కేలు 34వ అధ్యాయం నుండి దుష్ట కాపరులను గూర్చి మనం చాలా ప్రసంగాలు విన్నాం. అదే అధ్యాయంలో 18వ వచనం మీద విన్నవి తక్కువ. అక్కడ తప్పు కాపరులది కాదు, క్రొవ్విన గొర్రెలది. తేటనీళ్లు తాము తాగేసి మిగిలినవి తొక్కి బురద చేస్తాయి. బక్కగొర్రెలకు ఆ బురదే గతి.

ఆదాయం పెరిగితే పర్యావరణం దానంతటదే బాగుపడుతుందని 1990ల నుండి కొందరు ఆర్థికవేత్తలు చెబుతున్నారు. తలసరి ఆదాయంలో సంగారెడ్డి జిల్లా తెలంగాణలో ముందు వరుసలో ఉంది. పటాన్‌చెరు, నక్కవాగు ఉన్నదీ ఆ జిల్లాలోనే. ఫ్యాక్టరీల కాలుష్యంపై 1990లోనే సుప్రీంకోర్టులో వ్యాజ్యం పడింది. సుమారు 90 మందుల కంపెనీల మురుగును శుద్ధి చేసే కేంద్రం అక్కడ ఉంది. అది శుద్ధి చేసి విడిచిన నీటిలోనే లీటరుకు 31 మిల్లీగ్రాముల దాకా సిప్రోఫ్లాక్సాసిన్ ఉందని 2007లో స్వీడన్ శాస్త్రవేత్తలు ప్రకటించారు. ఆ మాత్రలు వేసుకునే రోగి రక్తంలో కూడా అంత ఉండదు! ఆ మాత్రలతో దూరదేశాల రోగులు చౌకగా బాగుపడ్డారు, సంతోషమే. వారి బిల్లులో వాగు ఖరీదు మాత్రం పడలేదు.

తర్వాత ఆ నీటిని 18 కిలోమీటర్ల పైపులైనుతో నగరపు మురుగులో కలిపి అంబర్‌పేట శుద్ధి కేంద్రానికి మళ్లించారు. అంబర్‌పేట దాటితే మూసీయే. ఆ నీళ్లతో వరి, పశుగ్రాసం పండించేవారు ఇంకా దిగువన ఉన్నారు.

సగటు ఆదాయం ఈ సంగతి చెప్పదు. ఉన్నవాడు క్యాను నీళ్లు కొంటాడు, ఫిల్టరు పెట్టించుకుంటాడు, కాదంటే ఇల్లే మారతాడు. ఇక వాగు గురించి అడగవలసిన పని అతనికి లేదు. ఆఫీసుల్లో మాట చెల్లేదేమో అతనిదే. బోరు పాడైన రైతు అర్జీ పట్టుకుని వరండాలో నిలబడతాడు. అంతరం పెరిగేకొద్దీ వాగు తరఫున గట్టిగా మాట్లాడేవారు తగ్గిపోవడానికి ఇదే కారణమని మేము అనుకుంటున్నాం.

ఫ్యాక్టరీలు మూయించమని మేము అనడం లేదు. ఎన్నో కూలి ఇళ్లలో పొయ్యి వెలిగేది వాటివల్లే. శుద్ధి ఖర్చు కంపెనీ లెక్కల్లో ఉండాలి, రైతు పొలంలో కాదు. మన సంఘాల్లో ఆ లెక్కలు రాసేవారూ ఉన్నారు, ఆ పొలం దున్నేవారూ ఉన్నారు. ఆదివారం ఒకే రొట్టెలో పాలు పొందే ఈ ఇద్దరూ వాగు గురించి ఎప్పుడైనా మాట్లాడుకున్నారా?

కొత్త ఫ్యాక్టరీకి అనుమతి ఇచ్చే ముందు చాలా సందర్భాల్లో ప్రజాభిప్రాయ సేకరణ జరపాలి. కనీసం 30 రోజుల ముందు పత్రికల్లో ప్రకటన వేయాలి. ఆ ప్రకటన కనబడినప్పుడు పాస్టరుగారు ఆరాధనలో చదివి వినిపించవచ్చు. ఆ రోజున రైతుతో పాటు వెళ్లి పక్కన కూర్చోవచ్చు.