ఇంటర్నెట్ పోయింది.. తప్పు కరెంటుదా? కేబుల్‌దా? లెక్క బాక్సులోనే ఉంది!

చిత్తూరు: గాలివాన వస్తే పల్లెల్లో ముందు పోయేది కరెంటు.. ఆ వెంటే ఇంటర్నెట్. ఏపీ ఫైబర్‌నెట్ కేబుల్‌ను చాలాచోట్ల కరెంటు స్తంభాల మీదుగానే లాగారు. నెలకు రూ.149కే టీవీ, ఇంటర్నెట్, ఫోన్ అంటూ 2017 డిసెంబర్ 27న అప్పటి రాష్ట్రపతి రామ్‌నాథ్ కోవింద్ దీన్ని ప్రారంభించారు. స్తంభాల మీద నడిచే ఏ నెట్‌వర్క్ ఆగినా మొదటి ప్రశ్న ఒక్కటే. లైన్‌మన్ వెళ్లాలా? కేబుల్ అతికేవాళ్లు వెళ్లాలా?

ప్రతి లెక్కకూ ఓ నంబర్

దీనికి జవాబు రూటర్లు, స్విచ్‌లలోనే దొరుకుతుంది. భూమి రికార్డుల్లో జిల్లా, మండలం, గ్రామం, సర్వే నంబర్, సబ్ డివిజన్ అని వరుస ఉంటుంది కదా.. ఈ పరికరాల్లోనూ అంతే. ప్రతి సమాచారానికీ చుక్కలతో విడదీసిన అంకెల చిరునామా ఉంటుంది. ఈ పద్దుల పట్టికే మిబ్. దూరం నుంచి దాన్ని చదివే పద్ధతి ఎస్ఎన్ఎంపీ. 1988లో వచ్చిన ఈ విధానానికి 1991లో మిబ్-2 తోడైంది. బాక్సు ఏ కంపెనీదైనా ఈ ప్రామాణిక చిరునామాలు మారవు.

తేడా ఎలా తెలుస్తుంది?

1.3.6.1.2.1.1.3లో బాక్సు స్టార్ట్ అయి ఎంతసేపైందో ఉంటుంది. అదీ సెకనులో వందో వంతు లెక్కన. 1.3.6.1.2.1.2.2.1.8లో ఒక్కో పోర్టు పరిస్థితి ఉంటుంది. 1 అంటే పనిచేస్తోంది, 2 అంటే ఆగిపోయింది. లైన్ తిరిగొచ్చాక టైమ్ మళ్లీ సున్నా నుంచి మొదలైతే బాక్సు ఆగి లేచినట్టు.. అంటే ముందు అనుమానించాల్సింది కరెంటునే. టైమ్ ఆగకుండా సాగి, పోర్టు మాత్రమే 2 చూపించి ఉంటే చూడాల్సింది కేబుల్‌నే.

అసలు చిక్కు ఇక్కడే

1.3.6.1.2.1.1.6లో ఉండేది బాక్సు ఉన్న చోటు. మిగతావి యంత్రం లెక్కగడుతుంది. ఇది మాత్రం మనిషి టైప్ చేయాల్సిందే. ఖాళీగా వదిలేస్తే ఏ బాక్సు ఆగిందో తెలిసినా, అది ఏ ఊళ్లో ఉందో వేరే వెతుక్కోవాలి. పైగా 2022 ఏప్రిల్ 4న చిత్తూరు జిల్లా విడిపోయింది. శ్రీకాళహస్తి, పుత్తూరు తిరుపతి జిల్లాలోకి వెళ్లాయి. అక్కడి బాక్సుల్లో పాత అడ్రస్ ఉంటే దానంతట అది మారదు.

ఈ ప్రాంతంలో ఈశాన్య రుతుపవనాలతోనూ పెద్ద వానలు పడతాయి. 2021 నవంబర్‌లో తిరుపతి నీట మునగడం అందరూ చూసిందే. కొత్త యంత్రాలు కొనక్కర్లేదు. వానలకు ముందే ఆ ఒక్క గడి సరిచేసుకుంటే, తెగిన చోటికి మనిషి నేరుగా వెళ్తాడు.