నుమాయిష్‌లో ఒక సాయంకాలము

జనవరి వచ్చినదనగా కొత్తపేట కుటుంబములకు నాంపల్లి దారి గుర్తుకు వచ్చును. విక్టోరియా మెమోరియల్ స్టేషనులో మెట్రో ఎక్కి గాంధీభవన్‌లో దిగిన చాలును. నడుమ బండి మారు పని లేదు. పిల్లలు రంగులరాట్నము మీదను, పెద్దలు కాశ్మీరు శాలువల మీదను మోజుపడుదురు. తప్పేమున్నది? సంతకు పోయి నోరు కట్టుకొనుట ఎవరి తరము!

కాని ఈ సంత వర్తకులు పెట్టినది కాదు. ఉస్మానియా పట్టభద్రులు హైదరాబాదు సంస్థానమున ఆర్థిక సర్వే జరుపదలచి, అందులకు ధనము కూర్చుటకై 1938లో పబ్లిక్ గార్డెన్సులో దీనిని ఆరంభించిరి. 1946లో అది నాంపల్లి మైదానమునకు మారినది. 1947, 48లలో ఆగి, 1949లో రాజగోపాలాచారిగారి చేతులమీదుగా మరల తెరువబడినది. దీని ఆదాయముతో ఎగ్జిబిషన్ సొసైటీ నేటికిని విద్యాసంస్థలను పోషించుచున్నది. సరోజినీనాయుడు వనితా మహావిద్యాలయము వానిలో ఒకటి. అనగా ప్రవేశపు టిక్కెట్టులో కొంత ఏదో ఒక బాలిక చదువునకు చేరుచున్నదన్నమాట.

ఈ సంగతి తెలియకయే విద్యార్థి మిర్చిబజ్జీ తిని ఇల్లు చేరినచో, ఆ లోపము బడిదే. లెక్కల మాస్టారు పిల్లలను ఒక్క సాయంకాలము చేనేత దుకాణము ముందు నిలిపి, పోచంపల్లి చీరె వెల ఎంత, అందులో నేసినవానికి దక్కునదెంత అని వారిచేత అడిగింపవలెను. దుకాణదారు విసుగుకొనవచ్చును, విసుగుకొననిండు.