చెవి చూడకుండా భాష మాన్పిస్తున్నారు

పరాయి రాష్ట్రాల్లో తెలుగు క్షీణించిపోతోందని మన సంఘాల సభల్లో ఏడాదికొకసారి వాపోతూ వుంటాం. బళ్ళు మూశారని, టీచర్లను వెయ్యలేదని, పుస్తకాలు వేళకు రాలేదని ప్రభుత్వాల మీద దుమ్మెత్తిపోస్తాం. అందులో నిజం లేకపోలేదు. కానీ మన ఇళ్ళలోంచి తెలుగు వెళ్ళిపోతున్న మరో దారి గురించి ఏ సభలోనూ ఒక్క మాట వినపడదు. ఆ దారి పిల్లల డాక్టరు గదిలోంచి, నర్సరీ బడి హెడ్మిస్ట్రెస్ గదిలోంచి పోతుంది. రెండేళ్ళు దాటినా మాట రాని బిడ్డను ఎత్తుకుని వెళ్ళిన తల్లిని వాళ్ళు మొదట అడిగేది "ఇంట్లో ఏ భాష?" అని. తెలుగు అంటుంది తల్లి. వీధిలో? తమిళమో, కన్నడమో, ఒడియానో, మరాఠీయో. "అదీ సంగతి! ఇన్ని భాషలతో బిడ్డ బుర్ర గందరగోళమైంది. తెలుగు మానేసి ఇంగ్లీషు ఒక్కటే మాట్లాడండి." హోసూరు నుంచి బరంపురం దాకా, బెంగుళూరు నుంచి షోలాపురం దాకా ఇదే చికిత్స. అందరు డాక్టర్లూ ఇలా లేరు, నిజమే. ఇలాంటి సలహాకు ఫీజు పుచ్చుకునేవాళ్ళు మాత్రం చాలినంత మంది వున్నారు.

ఈ సలహాకు శాస్త్రాధారం లేదు. అంతకంటే ఘోరం, దీనివల్ల బిడ్డకు నష్టం జరుగుతుంది. భాషకు జరిగే నష్టం గురించి తర్వాత ఏడుద్దాం, ముందు బిడ్డ సంగతి చూద్దాం.

హోసూరు పక్కన నాకు తెలిసిన ఒక ఇంట్లో ఇది అక్షరాలా అమలైంది. ఆ ఇంట్లో పగలంతా బిడ్డ దగ్గర వుండేది అవ్వ. ఆమెకు తెలుగు వచ్చు, సంతలో బేరమాడేంత తమిళం వచ్చు, ఇంగ్లీషు రాదు. బడివాళ్ళ హుకుం వచ్చిన మర్నాటి నుంచి కొడుకు ఆమెకు చెప్పాడు: "అమ్మా, నువ్వు వాడితో మాట్లాడకు." బువ్వ పెడుతూ కబుర్లు చెప్పే మనిషి నోరు మూసుకుని ముద్దలు పెట్టింది. తల్లీ తండ్రీ సాయంత్రం ఇల్లు చేరి తమకు వచ్చిన నాలుగు ఇంగ్లీషు ముక్కలే అటు తిప్పీ ఇటు తిప్పీ వాడేవారు. కమాన్, ఈట్, డోంట్ టచ్, గుడ్ బాయ్. కోపమొచ్చినా, ముద్దొచ్చినా అవే. అంటే మాట రాని బిడ్డ చుట్టూ వున్న మాటల్లో ముప్పాతిక వంతు తీసిపారేసి, మిగిలిన పాతిక వంతుతో వాడికి మాటలు రావాలన్నారు. నీళ్ళు చాలక వాడిన మొక్కకు కాలవ కట్టెయ్యడం వైద్యమా?

ఈ గందరగోళ సిద్ధాంతం ఎక్కడిదో విచారిస్తే, అది మన దేశంలో పుట్టింది కాదు. 1923లో సేర్ అనే ఆయన వేల్స్ దేశపు పిల్లలకు తెలివితేటల పరీక్షలు పెట్టి, వెల్షూ ఇంగ్లీషూ రెండూ వచ్చిన పల్లెటూరి పిల్లలు ఒక్క భాష వచ్చిన పిల్లల కంటే వెనకబడ్డారని ప్రకటించాడు. పట్నం పిల్లల్లో ఆ తేడా ఆయనకే కనపడలేదు. తేడా భాషదా, ఇంటి స్థితిగతులదా అని సరిగా విడదీసి చూడలేదు. ఆ తర్వాత నలభై ఏళ్ళు ఈ తరహా లెక్కలే రాజ్యమేలాయి. 1962లో కెనడాలోని మాంట్రియల్లో పీల్, లాంబర్ట్ అనే పరిశోధకులు ఒకే రకం ఆర్థిక స్థితి వున్న పదేళ్ళ పిల్లలను తీసుకుని పోల్చారు. ఫ్రెంచీ ఇంగ్లీషూ రెండూ బాగా వచ్చినవాళ్ళు వెనకబడలేదు సరికదా, ముందున్నారు. మన దగ్గరికి వస్తే, ఒడిశాలో అజిత్ మహంతి కోందు గిరిజనుల పిల్లలను పరిశీలించాడు. కుయీ భాష నిలుపుకుని ఒడియా కూడా మాట్లాడేవాళ్ళను, కుయీ పోగొట్టుకుని ఒడియా ఒక్కటే మిగిలినవాళ్ళను పక్కపక్కన పెట్టి చూశాడు. ఒకే జాతి, ఇంచుమించు ఒకే బతుకు. రెండు భాషలవాళ్ళే మెరుగ్గా తేలారు. బరంపురం మనవాళ్ళకు ఇది కూతవేటు దూరంలో జరిగిన పని. కానీ వాళ్ళ డాక్టర్ల చెవిన పడ్డది వేల్స్ లెక్కే.

రెండు భాషలొస్తే తెలివి పెరుగుతుందా అన్న దాని మీద పండితులు ఇంకా కొట్లాడుకుంటున్నారు. ఆ గొప్ప నాకక్కర్లేదు. నష్టం లేదన్నంతవరకే నా వాదానికి చాలు, దానికి ఆధారం గట్టిగానే వుంది. డౌన్ సిండ్రోమ్ వున్న పిల్లల్లోనూ, ఆటిజం వున్న పిల్లల్లోనూ సైతం రెండు భాషల ఇళ్ళలో పెరిగినవాళ్ళు ఒక భాష ఇళ్ళలో పెరిగినవాళ్ళ కంటే అదనంగా వెనకబడలేదని ఈ శతాబ్దంలో జరిగిన పరిశోధనలు చూపించాయి.

పసివాళ్ళ చెవి ఎలా పనిచేస్తుందో తెలిస్తే ఈ భయం దానంతటదే పోతుంది. జానెట్ వెర్కర్ అనే ఆమె, టీస్ అనే సహచరుడితో కలిసి 1984లో ప్రచురించిన ప్రయోగం ఒకటుంది. ఇంగ్లీషు ఇళ్ళ పసిపాపలకు హిందీలోని ట, త శబ్దాలు వినిపించారు. మనకు అవి రెండూ వేరువేరు. ఇంగ్లీషువాళ్ళకు ఆ భేదమే లేదు, వాళ్ళ పెద్దవాళ్ళు చెవులు రిక్కించినా పట్టుకోలేరు. కానీ ఆరు నుంచి ఎనిమిది నెలల పాపలు చక్కగా పట్టుకున్నారు! అదే పది, పన్నెండు నెలలకు వచ్చేసరికి పట్టుకోగలిగినవాళ్ళు బహు కొద్దిమంది. ఆ భేదాన్ని రోజూ వినే ఇళ్ళలోని పాపల్లో అది నిలిచింది. ప్రకృతి ప్రతి బిడ్డకూ అన్ని తలుపులూ తెరిచి పంపిస్తుందన్నమాట. ఇంట్లో మాట వినిపించిన తలుపు తెరిచే వుంటుంది, వినిపించనిది ఏడాది లోపునే మూసుకోవడం మొదలవుతుంది. జన్యువులు, పరిసరం అని రెండు వేరు గదుల్లో పెట్టి మాట్లాడే పెద్దమనుషులు ఈ ఒక్క ప్రయోగాన్ని ఆలోచిస్తే చాలు.

ఇక నేరం మోపే అలవాటు. దీనికో చరిత్ర వుంది. 1943లో లియో కానర్ అమెరికాలో 11 మంది పిల్లలను వర్ణించి ఆటిజానికి ఆ పేరు పెట్టినప్పుడు, అది పుట్టుకతో వచ్చేదన్నాడు. కొద్ది ఏళ్ళకే ఆయన దృష్టి తల్లిదండ్రుల చల్లదనం మీదికి మళ్ళింది. బ్రూనో బెటల్‌హైమ్ 1967లో పెద్ద పుస్తకమే రాసి తల్లులను బోనెక్కించాడు. ప్రేమ లేని తల్లి వల్లే బిడ్డ తనలోకి ముడుచుకుపోయాడట! ఎంతమంది తల్లులు ఆ మాట మోస్తూ కుమిలిపోయారో. 1977లో ఫోల్‌స్టైన్, రటర్ అనే ఇద్దరు బ్రిటన్లో 21 జతల కవలలను లెక్క చూశారు. ఒకే అండం నుంచి పుట్టిన 11 జతల్లో 4 జతలకు ఇద్దరికీ ఆటిజం వుంది. వేరు అండాల నుంచి పుట్టిన 10 జతల్లో ఒక్క జతలోనూ ఇద్దరికీ లేదు. చిన్న లెక్కే, కానీ బోను బద్దలైంది. 2019లో ఐదు దేశాల్లో 20 లక్షల మందికి పైగా పిల్లల వివరాలతో వేసిన లెక్కలో, ఆటిజం విషయంలో మనిషికీ మనిషికీ వున్న తేడాలో దాదాపు 80 శాతానికి కారణం వంశపారంపర్యమని తేలింది. తల్లి మీది కేసు కొట్టేశారు. చూడబోతే అదే కేసు ఇప్పుడు తల్లిభాష మీద పెట్టినట్టుంది. నిందితురాలు మారింది గాని సాక్ష్యం అప్పుడూ లేదు, ఇప్పుడూ లేదు.

"సరే, అంతా జన్యువుల్లోనే వుంటే మనం చేసేదేముంది, రాసిపెట్టి వుంది" అని కూర్చునేవాళ్ళు రెండో రకం. వీళ్ళ మీదా నాకు దయ లేదు. ఆ 11 జతల్లో 7 జతలు జన్యువులు ఒకటే అయినా ఒకరికి వుండి ఒకరికి లేనివాళ్ళని మరిచిపోకండి. ఇంకా స్పష్టమైన ఉదాహరణ ఫినైల్‌కీటోన్యూరియా అనే వ్యాధి. నార్వేలో ఒక తల్లి, తన ఇద్దరు పిల్లలకు బుద్ధి ఎదగడం లేదని, మూత్రంలో ఏదో వింత వాసన వస్తోందని డాక్టర్ల చుట్టూ తిరిగింది. ఫోలింగ్ అనే డాక్టరు ఆమె మాట కొట్టిపారేయకుండా విని, 1934లో సంగతి కనిపెట్టాడు. మాంసకృత్తుల్లో వుండే ఒక పదార్థాన్ని ఆ పిల్లల శరీరం అరిగించుకోలేదు, అది పేరుకుని మెదడును పాడుచేస్తుంది. నూటికి నూరుపాళ్ళూ జన్యువుల వల్ల వచ్చే జబ్బే. అయినా పుట్టిన కొద్ది రోజుల్లో మడమ నెత్తురు చుక్కతో గుర్తించి, ఆ పదార్థం తగ్గించిన ఆహారం పెడితే బిడ్డ బడికి వెళ్ళి చదువుకుంటాడు. జన్యువు అదే, తిండి మారింది.

మన ఇళ్ళకు ఇంతకంటే దగ్గరిది పుట్టుచెవుడు. మాట రాని బిడ్డ విషయంలో మొట్టమొదట చూడవలసింది చెవి. ఆ పని మానేసి భాష మారుస్తున్నారన్నదే నా ప్రధానమైన ఫిర్యాదు. పుట్టుచెవుడు వున్న పాప కూడా మొదటి నెలల్లో కేరింతలు కొడుతుంది. పళ్ళెం మోగిస్తే తిరిగి చూస్తుంది, అదురు తగిలో, నీడ కదిలో. "చెవులు బాగానే వున్నాయి, చూడు తిరిగింది" అని ఇంటిల్లిపాదీ సంబరపడతారు. నిద్రపోతున్న పాప చెవిలో చిన్న గొట్టం పెట్టి కొద్ది నిమిషాల్లో చేసే పరీక్ష వుంది. నెల లోపు ఆ పరీక్ష, మూడు నెలల్లోపు నిర్ధారణ, ఆరు నెలల్లోపు చికిత్స మొదలు అన్నది లోకమంతా ఒప్పుకున్న లెక్క. ఆరు నెలల్లోపు గుర్తించిన పిల్లలకు భాష ఎంతో మెరుగ్గా వస్తుందని అమెరికాలో కొలరాడో పరిశోధకులు 1998లోనే చూపించారు. అలాంటిది, రెండేళ్ళ బిడ్డను "ఇంగ్లీషు మాట్లాడండి, ఆరు నెలల తర్వాత రండి" అని పంపేస్తే ఆ ఆరు నెలలు ఎవరు తిరిగి ఇస్తారు? చెవుడున్న బిడ్డకు తెలుగూ వినపడదు, ఇంగ్లీషూ వినపడదు.

మనకు నచ్చని మాట కూడా ఒకటి చెప్పాలి. తెలుగు మీద నింద వేస్తే తలూపే పెద్దలు మేనరికం మాటెత్తితే లేచి వెళ్ళిపోతారు. చెవుడుకు కారణమైన ఒక ముఖ్యమైన జన్యువును 1997లో గుర్తించారు. దాని లోపం తల్లిలో ఒక పాలు, తండ్రిలో ఒక పాలు వుంటే ఇద్దరికీ చెవులు దివ్యంగా వినపడతాయి. బిడ్డకు రెండూ చేరే అవకాశం మాత్రం నాలుగింట ఒకటి. రక్తసంబంధంలో పెళ్ళయితే ఇద్దరిలోనూ అదే లోపం వుండే అవకాశం పెరుగుతుంది. ఒకే పూర్వికుడి నుంచి ఒక జన్యువు రెండు వైపులా బిడ్డకు చేరే పాలు అత్తకొడుకు మేనమామ కూతురు పెళ్ళిలో పదహారింట ఒకటి, మేనమామే మేనకోడలిని చేసుకుంటే ఎనిమిదింట ఒకటి. మేనరికాలన్నీ చెవిటి పిల్లలను కంటాయని కాదు. ఎక్కువమంది పిల్లలు ఆరోగ్యంగానే పుడతారు. అలాంటి ఇంట్లో పుట్టిన బిడ్డకు చెవి పరీక్ష తప్పనిసరి అని గ్రహించాలి. జన్యువులు కాని కారణాలూ వున్నాయి: గర్భంలో రుబెల్లా సోకడం, పుట్టగానే ముదిరిన పచ్చకామెర్లు, మెదడువాపు. రుబెల్లా టీకా మన దేశంలో 2017 ఫిబ్రవరిలో పెద్ద ఎత్తున మొదలైంది కర్ణాటక, తమిళనాడు, యానాంతో కూడిన పుదుచ్చేరి వంటి చోట్లనే. మనవాళ్ళు ఎంతమంది వేయించారో వాళ్ళకే తెలియాలి.

చెవి బాగుంది, అయినా మాట రాలేదనుకుందాం. అప్పుడు కావలసినది ఏమిటో రుమేనియా నేర్పింది. చౌషెస్కు ప్రభుత్వం 1989లో కూలినప్పుడు అక్కడి అనాథాశ్రమాల్లో వేలాది పసివాళ్ళు తొట్లలో పడి వున్నారు. తిండి వుంది, పలకరించే మనిషి లేడు. 2000లో బుకారెస్టులో 136 మంది పిల్లలతో ఒక అధ్యయనం మొదలుపెట్టారు. సగం మందిని పెంపుడు ఇళ్ళకు పంపించారు, మిగతావాళ్ళు ఆశ్రమాల్లోనే వున్నారు. ఇళ్ళకు వెళ్ళినవాళ్ళు తెలివిలో పుంజుకున్నారు, రెండేళ్ళు నిండకముందు వెళ్ళినవాళ్ళు మరీను. బిడ్డ కూత పెడితే తిరిగి పలికే మనిషి, అదే పసి మెదడుకు తిండి. మన ఇళ్ళలో ఆ మనిషి తరచుగా అవ్వే, ఆమెకు వచ్చింది తెలుగే.

రాష్ట్రభాష నేర్పొద్దని నేననడం లేదు. కన్నడ దేశంలో కన్నడం, తమిళ దేశంలో తమిళం రాకుండా పిల్లలు ఎలా బతుకుతారు? వీధిలోకి, బడిలోకి వెళితే అవి వస్తాయి, తరతరాలుగా మనకు అలాగే వచ్చాయి. కానీ మాటలు లెక్కపెట్టేటప్పుడు "పాలు" అన్నా "హాల్" అన్నా లెక్కలోకి రావాలి. ఒక్క ఇంగ్లీషు మాటలే లెక్కపెట్టి బిడ్డ వెనకబడ్డాడని రాస్తే వెనకబడింది పరీక్ష.

2013లో మొదలైన రాష్ట్రీయ బాల స్వాస్థ్య కార్యక్రమం కింద పుట్టుక నుంచి పద్దెనిమిదేళ్ళ దాకా ఉచితంగా చూడవలసిన లోపాల జాబితాలో పుట్టుచెవుడు వుంది. జిల్లా ఆస్పత్రుల్లో అందుకోసం కేంద్రాలు పెట్టారు. మైసూరులో వాక్కూ శ్రవణం కోసమే 1960ల నుంచి ఒక జాతీయ సంస్థ నడుస్తోంది, కర్ణాటక మనవాళ్ళకు రైలు దూరం. మన సంఘాలు ఉగాదికి కవిసమ్మేళనం పెడుతున్నాయి, సంతోషం. ఆ రోజునే పందిట్లో ఒక మూల రెండేళ్ళలోపు పిల్లల చెవులు పరీక్షించే ఏర్పాటు చేస్తే ఎవరు కాదంటారు?

ఈలోగా ఎవరైనా తెలుగు మానెయ్యమంటే, ఆ మాటను మందులచీటీ మీద రాసి, ఏ పరీక్ష చేసి ఈ నిర్ణయానికి వచ్చారో కింద రాసి, సంతకం పెట్టివ్వమని మర్యాదగా అడగండి. వాళ్ళు ఆలోచిస్తూ వుండగా మీరు బిడ్డను చెవి పరీక్షకు తీసుకువెళ్ళండి.