మూటలోని చీరలతో మెత్తటి బొంత

"పాత బట్టలకి స్టీలు సామాన్లేయ్!" అన్న కేక వీధిలో వినపడగానే మనలో చాలామందికి కాళ్ళు నిలవవు. అటక మీంచి మూట దింపుతాం, గుమ్మంలో బేరానికి కూర్చుంటాం. ఆరు చీరలకి ఒక బేసిను, ఇంకో రెండు వేస్తే దాని మూత. ఇచ్చేవి సింథటిక్ చీరలైతే నేనేమీ అడ్డు చెప్పను. కానీ ఆ మూటలో ఏళ్ళ తరబడి కట్టి, ఉతికి మెత్తబడ్డ నేత చీరలుంటే మాత్రం ఈసారి బేరం ఆపండి. ఆ మెత్తదనం ఏ కొట్లోనూ డబ్బిచ్చి కొనుక్కోలేం. ఈ వారం వాటితో బొంత కుట్టుకుందాం.

బొంత అనగానే కొందరు మొహం చిట్లిస్తారు, లేనివాళ్ళ పక్క అని. ఉత్తర కర్ణాటకలో దీన్నే కౌది అంటారు, మరాఠీవాళ్ళు గోధడి అంటారు. బెంగాలువాళ్ళ కాంథా కుట్టూ పాత చీరలు పొరలు వేసి కుట్టడంలోంచి వచ్చిందే. ఇవాళ అదే కుట్టున్న చీరని షాపులో వేలు పోసి కొంటున్నాం. మన ఇంటి బొంతని మాత్రం చుట్టాలొస్తే మంచం కింద దాచేస్తాం!

ముందు చీర ఎంచుకోవడం తెలియాలి. చీరని రెండు చేతులా పట్టుకుని అడ్డంగా ఒకసారి లాగండి. నిలబడితే పైపొరకి పనికొస్తుంది. పర్రున చిరిగితే పారెయ్యకండి, అది లోపలి పొర. నేతదో కాదో అనుమానమొస్తే అంచు నుంచి రెండు పోగులు లాగి, ఒక పాత పళ్ళెంలో పెట్టి అంటించి చూడండి. నూలైతే కాగితం కాలిన వాసన వచ్చి బూడిదవుతుంది. పాలిస్టరైతే కరిగి, చల్లారాక గట్టి ఉండ కడుతుంది. పాలిస్టరు చెమట పీల్చదు, ఒంటికి ఉక్క. అందుకని బొంతలో కలపకండి. ఎరుపు, ముదురు నీలం చీరలుంటే కుట్టబోయేముందే విడిగా ఉతికి, రంగు పోతుందేమో చూసుకోండి. కుట్టాక రంగు దిగితే ఇక చేసేదేమీ ఉండదు.

కొలత చాలా తేలిక, కత్తెరతో పని లేదు. మామూలు చీర అయిదున్నర మీటర్లు, అంటే సుమారు 18 అడుగులు. మూడు మడతలు వేస్తే 6 అడుగుల పొడవు వస్తుంది. చీర పన్నా నాలుగడుగులకి కాస్త తక్కువ. ఒక మనిషి పక్కకి సరిగ్గా సరిపోతుంది. ఒక్క చీరకి మూడు పొరలే, ఎండాకాలం కప్పుకోడానికి చాలు. రెండు చీరలైతే ఆరు పొరలు. చలికాలానికి అదే మేలు, పొరల మధ్య చిక్కిన గాలే వెచ్చదనం ఇచ్చేది. బలహీనంగా ఉన్న చీరని మూడు మడతలు వేసి, గట్టి చీర మడతల మధ్యలో పెట్టండి. పక్కలు రెండూ చీర అంచులే కాబట్టి పోగులు లేవవు. రంగు అంచున్న చీరైతే అదే బొంతకి అందం.

గచ్చు మీద చాప పరిచి, చీరల్ని ముడతల్లేకుండా సర్ది, జానెడు దూరాన పెద్ద పెద్ద టాకాలు వేసెయ్యండి. ఈ టాకాలు వెయ్యడానికి బద్ధకిస్తే కింది పొర ఎటో పోతుంది. ఇక కుట్టు మధ్యలో మొదలుపెట్టి పక్కలకి రావాలి. ఒక అంచు నుంచి ఇంకో అంచుకి కుట్టుకుంటూ పోతే గుడ్డంతా చివరికి తోసుకొచ్చి బుంగలా తేలుతుంది. మామూలు ముందు కుట్టే, వరసకీ వరసకీ అంగుళం ఎడం. దారం నూలుదే వాడండి. నైలాను దారం గట్టిదే, కానీ ఆ గట్టితనంతోనే పాత గుడ్డని కోసేస్తుంది. లెక్కేస్తే సుమారు 46 వరసలు. మధ్యాహ్నం టీవీ ముందు కూర్చుని రోజుకి నాలుగు కుడితే పన్నెండు రోజుల్లో అయిపోతుంది. మెషిన్ మీద కుట్టచ్చు కదా అంటారా, మూడు పొరలైతే సరే. ఆరు పొరలు ఇంట్లో కుట్టుమిషను కింద నడవవు, ముడతలు పడతాయి.

బొంతలో ఇంకో సంగతి కూడా ఉంది. మా అత్తగారు 2019లో పోయారు. పట్టుచీరలు కూతుళ్ళు పంచుకున్నారు. రోజూ కట్టిన నేత చీరలు పదకొండు ట్రంకుపెట్టెలో ఉండిపోయాయి. పోయినవాళ్ళ బట్టలు ఇంట్లో ఉంచకూడదని పెద్దవాళ్ళన్నారు. ఇచ్చేద్దామంటే మా ఆడపడుచు ఏడ్చేది, ఉంచుదామంటే ఆ పెట్టె మూత తీసేది కాదు. రెండేళ్ళు అలాగే గడిచాయి. చివరికి ఆవిడే ఒక వేసవిలో వచ్చి, "వదినా, కుట్టేద్దాం" అంది. మూడు చీరలు ముట్టుకుంటే చిరిగాయి, అవి మాసికలకి పోయాయి. మిగతా ఎనిమిదితో నాలుగు బొంతలు. ఒక చీర కొంగున పసుపు చేతులు తుడుచుకున్న మరక ఎన్ని ఉతుకులకీ వదల్లేదు. ఆ మరక పైకి కనపడేలాగే మడత వెయ్యాలని మా ఆడపడుచు పట్టుబట్టి మూడుసార్లు విప్పించింది. మావారికి ఒకటిచ్చాను. ఏమీ అనలేదు, ఆ రాత్రి మొహం మీదిదాకా కప్పుకున్నారు. మా పెద్ద తోటికోడలు మాత్రం "నా ఇంట్లోకి వద్దు" అనేసింది. ఆవిడ బొంత ఇప్పటికీ నా బీరువాలోనే ఉంది. ఎవరి నమ్మకం వాళ్ళది, బలవంతపెట్టకూడదు. ఇవ్వగలిగినవాళ్ళు ఇచ్చెయ్యండి, కట్టుకునేవాళ్ళుంటే అదీ మంచిదే. ఇవ్వలేక, చూడలేక పెట్టెకి తాళం వేసుకుని నలిగేవాళ్ళ కోసమే ఈ మాట రాస్తున్నాను.

పసిపిల్లల బొంతకి అరచీర చాలు. తొమ్మిదడుగుల ముక్కని మూడు మడతలు చేసి, పన్నా సగానికి మడిస్తే మూడడుగుల పొడవు, సుమారు రెండడుగుల వెడల్పు, ఆరు పొరలు. వరసల ఎడం అర అంగుళమే ఉండాలి. దారం ముడులు పొరల లోపలికి పోవాలి, పైన ఉంటే లేత ఒంటికి గుచ్చుకుంటాయి. జరీ, అద్దాలు, పూసలు ఏవీ వద్దు. ఏడాదిలోపు బిడ్డకి కింద పరవడానికే వాడండి, మొహం దగ్గరికి కప్పకండి.

సింథటిక్ చీరలు ఎవరికీ ఇవ్వకపోతే రెండంగుళాల వెడల్పున పేలికలు చీల్చి, మూడేసి కలిపి జడ అల్లండి. ఆ జడని గచ్చు మీదే చుట్ట చుడుతూ, పక్కపక్కలు కుట్టుకుంటూ రావాలి. ఒళ్ళో పెట్టుకుని బిగించి కుడితే పట్టా కాస్తా గిన్నెలా లేస్తుంది. వంటింటి గట్టు ముందు కాళ్ళ కిందికి బాగుంటుంది. నున్నటి టైల్సు మీద జారుతుంది కాబట్టి ముసలివాళ్ళు తిరిగే బాత్రూము గుమ్మంలో మాత్రం వెయ్యకండి.

మిగిలిన గట్టి ముక్కలతో కూరల సంచీ కుట్టుకోవచ్చు. 120 మైక్రాన్ల కన్నా పలుచటి ప్లాస్టిక్ సంచులకి 2022 డిసెంబరు 31 నుంచి దేశమంతటా నిషేధం ఉంది. అయినా మన కూరల బండి దగ్గర అవే వేలాడుతుంటాయి. సంచీ చేతులు మాత్రం రెండు పొరల గుడ్డతో కుట్టండి, రెండు కిలోల ఉల్లిపాయలకి తెగేది అక్కడే.

ఇక ఉతుకుడు. తడిసిన బొంత ఒక్కరి చేతికి లొంగదు, ఎంత బరువో ఎత్తితే తెలుస్తుంది. పిండకండి, కుట్లు తెగుతాయి. ఇద్దరు చెరో కొసా పట్టుకుని దండెం మీదో పిట్టగోడ మీదో వేసి, నీళ్ళు వాటంతటవే కారిపోనివ్వండి. మబ్బు పట్టిన రోజు తడపకండి, లోపలి పొర ఆరకపోతే ముక్క వాసన వేస్తుంది. రెండు వైపులా తిరగేస్తూ మంచి ఎండలో రోజంతా ఉంచి, చల్లారాక మడత పెట్టుకోండి.