కొలెస్టరాలు మాత్రయు, ఇంటివైద్యమును

రక్తమున కొలెస్టరాలు హెచ్చినదని డాక్టరు చీటీ వ్రాసియిచ్చిన, మన రైతులలో పలువురు నెలదినములు మాత్రలు మ్రింగి మానివేయుచున్నారు. నొప్పి లేదు, జ్వరము లేదు, మాత్ర యెందులకని వారి ప్రశ్న. పిమ్మట వెల్లుల్లి, తెల్లమద్దిచెక్క కషాయము, సంతలో నమ్మెడి పేరులేని పొడులు ఆరంభమగును. ఇట్టి సీసాలను మన యెరువుల డిపోలోనే యుంచి యమ్మవలెనని కొందఱు సభ్యులు కోరుచుండుటచే మా యభిప్రాయమును దాపరికము లేక తెలుపుచున్నాము.

ఈ కొవ్వు నొప్పిపెట్టదు. అదియే దాని కపటము. కాలువలో మేట వేసినట్లు ఏండ్లతరబడి రక్తనాళపు గోడలలో చేరును. నీరు ఆగిననాడుగాని తెలియదు.

మాత్ర యనగా విషమని కొందఱి భయము. దాని పుట్టుక బూజునుండియే. 1973లో జపానుదేశమున, రైతుకుటుంబమున జన్మించిన అకిరా ఎండో యను శాస్త్రజ్ఞుడు వేలకొలది బూజులను పరీక్షించి, స్టాటిన్ తరగతి మందులలో మొదటిదానిని వెలికిదీసెను. కాలేయము కొలెస్టరాలును తయారుచేయు పనిని ఇవి మందగింపజేయును. చైనావారు వాడు ఎఱ్ఱబూజు బియ్యములోని సారమును, 1987లో అమెరికాలో అనుమతి పొందిన లోవాస్టాటిన్ అను మందును ఒకే పదార్థము. భేదమెల్ల కొలతలో నున్నది. మాత్రలో నెంత యున్నదో అట్టమీద నుండును. బియ్యపుపొడిలో ఒక డబ్బాకును మఱియొక డబ్బాకును పొంతన యుండదు. పురుగుమందును కొలిచి చల్లు మనము నోటిమందును కొలవక పోసికొనుట వింత.

క్రొత్త యెరువును ఒక మడికి వేసి ప్రక్కమడికి మాని చూచుట మన మెఱిగినదే. మందులకును అదియే పరీక్ష. 1994లో వెలువడిన స్కాండినేవియా పరీక్షలో 4,444 మంది హృద్రోగులలో సగముమందికి సిమ్వాస్టాటిన్, తక్కినవారికి ఉత్తమాత్ర యిచ్చి ఐదేండ్లకు పైగా చూచిరి. మందు తినినవారిలో మరణములు 30 శాతము తగ్గెను. 2022లో అమెరికాలో స్వల్పమోతాదు రోసువాస్టాటిన్‌ను వెల్లుల్లి, పసుపు, దాల్చినచెక్క, చేపనూనె మొదలగు ఆఱింటితో 28 దినములు పోల్చిరి. మాత్రవలన చెడ్డకొలెస్టరాలు సుమారు 38 శాతము తగ్గెను. ఆ యాఱింటిలో నొకటియు ఉత్తమాత్రకంటె చెప్పదగిన మేలు చేయలేదు. 2003లో అచ్చటనే జరిగిన మఱియొక పరీక్షలో గుగ్గులు వాడినవారికి అది తగ్గుటకు మాఱు కొంచెము పెరిగెను.

అట్లని వంటింటిని నిందింపము. మెంతులు, పప్పులు, కూరలలోని పీచు కొంత తగ్గించును. వనస్పతిని, పొగచుట్టను మానుట మఱింత మేలు. కాని యవి మాత్రకు తోడు, బదులు గావు. ముఖ్యముగా ఒకమారు గుండెపోటు వచ్చినవారు సొంతముగా మాత్ర మానుట ప్రాణముతో చెలగాటము.

మాత్రకును దోషములు గలవు. కొందఱికి కండరములు నొచ్చును. కొందఱికి రక్తములో చక్కెర స్వల్పముగా పెరుగును. గర్భిణులు డాక్టరు నడుగక తినరాదు. అట్టి బాధ కలిగిన డాక్టరుతో చెప్పిన మోతాదు తగ్గించుటకో, మందు మార్చుటకో వీలున్నది. అయితే చీటీ చేత బెట్టి, ఎందులకో, ఎంతకాలమో చెప్పక పంపెడి డాక్టర్లపైనను మాకు ఫిర్యాదు గలదు. చెట్టుమందు అమ్మువాడు కూర్చుండబెట్టి మాటలాడును. రైతు అతనినే నమ్ముటలో ఆశ్చర్యమేమి?

ఇక ధర. ప్రాథమిక వ్యవసాయ సహకార సంఘములు జనౌషధి కేంద్రములను తెఱచుటకు కేంద్రప్రభుత్వము 2023లో అవకాశము కల్పించినది. అచ్చట అటోర్వాస్టాటిన్ వంటి మాత్రలు పెద్ద కంపెనీల పేరిట నమ్ము ధరకంటె మిక్కిలి చౌక. సీసాలకై యడుగు సభ్యులు దీనికై దరఖాస్తు పెట్టుమని పాలకవర్గము నడుగవలెను. రాబోవు సర్వసభ్య సమావేశమున మే మీ ప్రస్తావన తెచ్చెదము.