మాట్లాడని స్పీకర్

ఇంగ్లీషులో ‘స్పీక్’ అంటే మాట్లాడటం. ఇంకొకరి తరఫున మాట్లాడటానికీ అదే మాట. పెళ్లిపందిట్లో పాటలు మోగించే పెట్టె స్పీకరే. శాసనసభలో అందరికన్నా ఎత్తున కూర్చుని తక్కువ మాట్లాడే మనిషీ స్పీకరే.

ఈ రెండో అర్థం ఇంగ్లండ్‌ది. 1377లో సర్ థామస్ హంగర్‌ఫోర్డ్‌కు కామన్స్ సభలో ఆ పేరు దక్కింది. సభ మాటను రాజుకు వినిపించడం ఆయన పని. రాజుకు నచ్చని మాట మోసుకెళ్లడమంటే ప్రాణాల మీదికి తెచ్చుకోవడమే. 1642 జనవరి 4న మొదటి చార్లెస్ సైనికులను వెంటబెట్టుకొచ్చి, సభలో అడుగుపెట్టి, ఐదుగురు సభ్యులు ఎక్కడని అడిగాడు. స్పీకర్ విలియం లెంథాల్ మోకరిల్లాడు. సభ ఆదేశిస్తే తప్ప తనకు చూసేందుకు కళ్లూ, పలికేందుకు నాలుకా లేవన్నాడు. ఒళ్లు వంచాడు కానీ లొంగలేదు. రాజు ఉత్త చేతులతో వెనుదిరిగాడు.

మన నీలం సంజీవరెడ్డి ఆ పదవి మర్యాద ఎరిగినవారు. 1967లో లోక్‌సభ స్పీకర్‌గా ఎన్నికవగానే కాంగ్రెస్ సభ్యత్వం వదులుకున్నారు. ఆ ఒరవడిని తర్వాతివారు కొనసాగించకపోవడం మన దురదృష్టం.

ఎందుకంటే 1985లో వచ్చిన ఫిరాయింపుల నిరోధక చట్టం, సభ్యుల అనర్హతను తేల్చే అధికారాన్నీ స్పీకర్ చేతికే ఇచ్చింది. గడువు మాత్రం పెట్టలేదు. కండువా మార్చినవారిపై పిటిషన్లు నెలల తరబడి మూలుగుతుంటాయి. మామూలుగా మూడు నెలల్లో తేల్చాలని 2020లో మణిపూర్ కేసులో సుప్రీంకోర్టు చెప్పాల్సి వచ్చింది. 2025 జూలైలో తెలంగాణ ఫిరాయింపుల కేసులోనూ అదే గడువు విధించింది. ఆ గడువును చట్టంలోనే రాయాలి. సంజీవరెడ్డి ఇష్టపడి చేసిన పనిని స్పీకర్లందరికీ నియమం చేయాలి.