నర్సమ్మ పైచదువునకు దారి యేది?

5,000 జనాభాకు ఒక ఉపకేంద్రము, 30,000 జనాభాకు ఒక ప్రాథమిక ఆరోగ్యకేంద్రము అను లెక్క మీద నిలిచిన మన గ్రామీణ వైద్యవ్యవస్థలో, డాక్టరు బదిలీయైపోయినను, ప్రభుత్వము మారినను, పథకముల పేర్లు మారినను, మారక ఆ పల్లెనే అంటిపెట్టుకొని యుండునది ఏఎన్ఎం ఒక్కతెయే. చౌటుప్పల్ మండలపు ఊళ్లలో బుధ, శనివారములందు టీకాలపెట్టె భుజమునకు తగిలించుకొని వచ్చి, గర్భిణులకు బీపీ చూచి, ఐరన్ మాత్రలిచ్చి, ఏ యింటి పసిబిడ్డకు ఏ టీకా తప్పినదో పుస్తకము తెరవకయే చెప్పగల ఆ స్త్రీ ఇరువదియేండ్లు పనిచేసినను చట్టము దృష్టిలో రిజిస్టర్డు నర్సు కాదు. కావలెనని కోరుకొన్నను అందులకు తగిన దారి ఆమె ముందర లేదు. ఆ దారిని ప్రభుత్వమే వేయవలెననియు, ఆమె జీతమునకు భంగము రాకుండ, ఆమె ఇదివరకే నేర్చిన విద్యను లెక్కలోనికి తీసికొని వేయవలెననియు నా వాదము.

ఈ లోపము నిన్న మొన్నటిది కాదు. 1943లో నియమితమైన భోర్ కమిటీ 1946లో తన నివేదిక సమర్పించునాటికి దేశము మొత్తము మీద నర్సులు సుమారు 7,000 మంది; అనగా 43,000 మందికి ఒక్కరు. ప్రతి 500 మందికి ఒక నర్సు ఉండవలెనని ఆ కమిటీ ఆశించినది. అంతటి అంతరమును పూర్తిశిక్షణ గల నర్సులతో పూడ్చుటకు ధనమును, పాఠశాలలును, అధ్యాపకురాండ్రును లేని కొత్త రాజ్యము, 1950వ దశకపు ఆరంభమున, రెండేండ్ల చదువుతో సహాయక నర్సు, మంత్రసాని యను రెండు పనులు చేయగల ఏఎన్ఎం అను ఒక తరగతిని సృష్టించుకొన్నది. అది ఆనాటి అవసరము. దానిని తప్పుపట్టుటకు వీలులేదు. 1973లో కర్తార్ సింగ్ కమిటీ ఆమెను బహుళప్రయోజన కార్యకర్తగా మార్చవలెనని సూచించెను. 1977లో చదువును పదునెనిమిది నెలలకు కుదించిరి. 2012 తరువాత మరల రెండేండ్లు చేసిరి. ప్రతి మార్పునందును ఆమె పనియు, ఆమె పేరును మారినవి గాని, ఆమె ఎక్కవలసిన పైమెట్టును గూర్చి గట్టిగా ఆలోచించినవారు లేరు. ఉన్న ఒక్క మెట్టు సూపర్‌వైజరు పదవి. ఆరు నెలల శిక్షణ పొంది ఆ పదవి నధిష్ఠించిన స్త్రీ రిజిస్టర్లకును నివేదికలకును దగ్గరయగును. రోగి మంచమునకు దూరమగును.

చౌటుప్పల్ ప్రాంతమునే దృష్టాంతముగా తీసికొందము. హైదరాబాదు-విజయవాడ జాతీయ రహదారి ఊరినడుమ నుండి సాగుచున్నది. ఆ రహదారిపై ప్రమాదము జరుగని వారము అరుదు. రసాయన, ఔషధ పరిశ్రమలు చుట్టును వెలసి, ఒడిశా, బీహారు రాష్ట్రముల నుండి వచ్చిన కూలీలు అద్దెగదులలో కిక్కిరిసి బ్రతుకుచున్నారు. నల్లగొండ ఫ్లోరైడు వ్యథ లోకమెరిగినదే. 2015 జూన్ నెలలో, తరువాత మిషన్ భగీరథగా పేరు మారిన వాటర్‌గ్రిడ్ పైలాను ఆవిష్కరింపబడినది ఈ చౌటుప్పల్‌లోనే. అయినను నల్లానీరు వచ్చినంత మాత్రమున, అంతకు పూర్వమే వంగిపోయిన ఎముకలు తిరిగి నిటారు కావు. ఇట్టిచోట ఉపకేంద్రమునకు వచ్చు రోగి ఎవరు? షుగరు ముదిరి కాలి పుండు మానని రైతు, పక్షవాతము తగిలి మూతి వంకరపోయిన వృద్ధుడు, కీళ్లు బిగిసి లేవలేని అవ్వ, యాసిడు పడి చేయి కాలిన కూలీ. ఏఎన్ఎం చదివినది ముఖ్యముగా తల్లీబిడ్డల ఆరోగ్యము, సమాజ ఆరోగ్యము, ప్రాథమిక చికిత్స. పెద్దవారి దీర్ఘరోగముల పరిచర్యయు, శస్త్రచికిత్స పిదప చేయవలసిన సేవయు, మనోవ్యాధుల పరిచర్యయు ఆమెకు లోతుగా బోధింపబడలేదు. ఊరి రోగములు మారినవి, ఆమె చదువు మాత్రము ఆమె సర్టిఫికెటు పొందిననాడు ఎచ్చట నిలిచినదో అచ్చటనే నిలిచియున్నది. కనుక ఆమెకు పైచదువు చెప్పించుట ఆమె మీది దయ కాదు, ఆ రోగికి మనము పడిన బాకీ.

ఆమె మొదటనే నర్సింగు డిప్లొమాయగు జీఎన్ఎం గాని, బీఎస్సీ నర్సింగు గాని ఏల చదువలేదని అడుగువారు కలరు. వారు నారాయణపూర్, మునుగోడు పక్కల మెట్ట పల్లెలకు పోయి, బోరు ఎండిన రైతు ఇంట పదవ తరగతి ముగించిన ఆడపిల్లను చూడవలెను. ఇంటర్మీడియట్ వొకేషనల్ కోర్సగు బహుళప్రయోజన ఆరోగ్యకార్యకర్త (ఎంపీహెచ్‌డబ్ల్యూ) చదువులో చేరినచో ఖర్చు స్వల్పము, కాలేజీ దగ్గర, అటుపై ఒక యేడు ఆసుపత్రి శిక్షణతో చేతికి పని వచ్చును. పదిహేడేండ్ల పిల్ల ఎన్నుకొన్నది కాదది. ఇంటి పరిస్థితి ఆమె తరఫున ఎన్నుకొన్నది. ముప్పదియైదేండ్లు నిండి, పిల్లలు బడికి పోవుచున్న దశలో, తెలివియు అనుభవమును పండిన ఆ స్త్రీ ఇప్పుడు నేను నర్సును కావలెననినచో మనమిచ్చు సమాధాన మేమి?

ఇండియన్ నర్సింగ్ కౌన్సిల్ నియమములు చదివినవారికి ద్వారము తెరచియే యున్నట్లు తోచును. జీఎన్ఎం ప్రవేశమునకు ఇతరులకు 35 ఏండ్ల వయోపరిమితి కలదు, ఏఎన్ఎంలకు లేదు. రిజిస్టరైన ఏఎన్ఎం అగుట ప్రవేశార్హతలలో నొకటి. ఈ నియమము వ్రాసినవారి హృదయము మంచిదే. కాని లోపల అడుగుపెట్టిన పిమ్మట, వందల కాన్పులు చూచిన ఆమె, వేల టీకాలు వేసిన ఆమె, అప్పుడే ఇంటర్ దాటిన బాలికల సరసన కూర్చుండి చేతులు కడుగుకొను పద్ధతి మొదలుకొని మూడేండ్ల చదువును ఆమూలాగ్రము చదువవలసినదే. ఆ మూడేండ్లు ఇల్లు గడచుట యెట్లు? జాతీయ ఆరోగ్య మిషన్ క్రింద కాంట్రాక్టు పద్ధతిని పనిచేయుచు, క్రమబద్ధీకరణము కొరకు 2023లో సమ్మెకు దిగిన సెకండ్ ఏఎన్ఎంలకు మూడేండ్లు చదువునకు పోవుటయనగా ఉద్యోగమును వదలుకొనుటయే. తలుపు తీసి, గడపను నిలువెత్తు కట్టినట్లున్నది ఈ వ్యవహారము.

ఇంతలో ఆమె చుట్టునున్న లోకము ముందునకు సాగినది. 2018లో ఆయుష్మాన్ భారత్ క్రింద ఉపకేంద్రములను వెల్‌నెస్ కేంద్రములుగా మార్చిరి. తెలంగాణలో అవి పల్లె దవాఖానలైనవి. ఆ దవాఖానలయందు మధ్యస్థాయి ఆరోగ్యసేవకుల (ఎంఎల్‌హెచ్‌పీ) పదవికి డాక్టర్లతో పాటు రిజిస్టర్డు నర్సులు అర్హులు. ఆ ఊరి గడపగడపయు ఎరిగిన ఏఎన్ఎం అర్హురాలు కాదు. ఫెర్నాండెజ్ ఆసుపత్రి సహకారముతో 2017లో తెలంగాణ ప్రభుత్వ మారంభించిన మిడ్‌వైఫరీ శిక్షణ దేశమునకే మార్గము చూపినది, ఆ మరుసటి యేడు కేంద్రము దానినే జాతీయ కార్యక్రమముగా స్వీకరించినది. అదియు స్టాఫ్ నర్సులకే. పేరులోనే మంత్రసాని పనిని ధరించిన ఏఎన్ఎంకు ఆ శిక్షణాలయమున చోటు లేకపోవుట నాకు మిక్కిలి బాధాకరముగా తోచుచున్నది. 2024 జనవరి 31న హైదరాబాదు ఎల్.బి. స్టేడియములో 6,956 మంది నర్సులకు ప్రభుత్వము నియామకపత్రములిచ్చినది. రాష్ట్రమునకు నర్సులెంత అవసరమో ఆ సంఖ్యయే చెప్పుచున్నది.

ప్రమాణము పడిపోవునను ఆక్షేపణ బలమైనది. నర్సింగు అధ్యాపకురాండ్రు సద్బుద్ధితో చేయుచున్నది. నర్సు చేతి పొరపాటునకు ప్రాణము పోవును గనుక పరీక్షలో సడలింపు కూడదని వారందురు. నేనును అదియే అందును. చివరి పరీక్ష అందరికిని ఒక్కటే కావలెను, రిజిస్ట్రేషను ఒక్కటే కావలెను. కాని జీఎన్ఎం పాఠ్యక్రమమును తెరచి చూడుడు: సమాజ ఆరోగ్య నర్సింగు, పోషణ, ప్రథమచికిత్స, శిశు పరిచర్య, ప్రసూతి. వీనిలో పెక్కుభాగము ఏఎన్ఎం చదివినది, చదివి ఏండ్ల తరబడి చేసినది. దానిని ప్రవేశమునందే పరీక్షించి, నెగ్గినవారికి ఆ భాగమును మినహాయింపవచ్చును. మిగిలినవి శరీరశాస్త్రము, సూక్ష్మజీవశాస్త్రము, ఔషధవిద్య, మెడికల్-సర్జికల్ నర్సింగు, మానసికారోగ్య నర్సింగు. వీనిని ఏమాత్రమును తగ్గింపక, ఇంకను ఎక్కువ శ్రద్ధతో నేర్పవలెను. ఇట్లు చేసినచో రెండేండ్లు చాలునని నా అంచనా. జీఎన్ఎం నర్సు రెండేండ్ల పోస్టు బేసిక్ చదువుతో బీఎస్సీ పట్టము పొందుటను మన వ్యవస్థ ఏనాడో అంగీకరించినది. ఉద్యోగములోనున్న నర్సులకు ఇగ్నో దూరవిద్య ద్వారా ఆ పట్టము దశాబ్దముల నుండి అందుచున్నది. పైమెట్టు వారికి న్యాయమైనది క్రిందిమెట్టు వారికి అన్యాయమెట్లగును?

ఇంగ్లండు అనుభవము ఇచ్చట స్మరింపదగినది. 1943 నాటి నర్సుల చట్టముతో అచ్చట రెండేండ్ల శిక్షణగల రెండవ తరగతి నర్సులు ఏర్పడిరి. కరీబియను దీవుల నుండియు, మలేషియా నుండియు వచ్చిన యువతులను పెక్కుమందిని, వారి యోగ్యతను విచారింపకయే, ఆ తరగతిలోనికి నెట్టిరి. జీవితమంతయు వార్డులను మోసియు పదోన్నతి ఎరుగక వారు విశ్రమించిరి. ఆ తరగతి శిక్షణను ఎత్తివేసినప్పుడు మాత్రమే, ఉన్నవారు మొదటి తరగతికి మారుటకు ప్రత్యేక పరివర్తన కోర్సులు విస్తరించినవి. అమెరికాలో ప్రాక్టికల్ నర్సునకు పూర్వవిద్యను లెక్కించి రిజిస్టర్డు నర్సుగా మార్చు కోర్సులు నేడు సర్వసాధారణము.

మనకును సమయము వచ్చినది. 1947 నాటి నర్సింగ్ కౌన్సిల్ చట్టము స్థానమున పార్లమెంటు 2023లో జాతీయ నర్సింగ్, మిడ్‌వైఫరీ కమిషన్ చట్టమును చేసినది. అందు నర్సింగు వృత్తినిపుణులను, అసోసియేట్లను వేర్వేరుగా నిర్వచించినది. నిర్వచనములు వేరైనను ఒకదాని నుండి మరియొకదానికి సేవాకాలములో సాగు మార్గమును నియమములలోనే స్పష్టముగా వ్రాయించుకొనుటకు తెలంగాణ ప్రభుత్వము పట్టుబట్టవలెను.

ఏఎన్ఎంలు చదువునకు పోయినచో ఉపకేంద్రములు ఖాళీయగునను భయమునకును ఉపాయము కలదు. చౌటుప్పల్ ఉన్న యాదాద్రి భువనగిరి జిల్లాలో ఒక చిన్న జట్టుతో ఆరంభింపవచ్చును. బీబీనగరు ఎయిమ్సు ఈ జిల్లాలోనే యున్నది, నల్లగొండ వైద్యకళాశాల ఆసుపత్రి ఒక బస్సు దూరములో నున్నది. ఆసుపత్రి శిక్షణకు ఇంతకన్న అనువైన చోట్లు వెదుకనక్కరలేదు. పదేండ్ల సేవ నిండిన ఏఎన్ఎంలను, కాంట్రాక్టు వారిని కూడ, జీతముతో డిప్యుటేషను మీద పంపవలెను. ఆమె వెడలిన నాడే ఆ ఉపకేంద్రమునకు ప్రత్యామ్నాయ నియామకము జరుగవలెను. లేనిచో భారము ఆశా కార్యకర్తల మీద పడును, టీకాల దినములు తప్పును. పరీక్ష నెగ్గి వచ్చిన ఆమెను తన మండలపు పల్లె దవాఖానలోనే నర్సుగా నియమించి, ఐదేండ్లు అచ్చట పనిచేయుటకు ఒప్పందము వ్రాయించుకొనవలెను. నెగ్గనిచో ఆమె పాత ఉద్యోగము, పాత సీనియారిటీ చెక్కుచెదరక యుండునని ఉత్తర్వులోనే హామీ యుండవలెను. ఆ హామీ లేనిదే, బిడ్డల ఫీజులు తన జీతము మీద నడచు ఏ తల్లియు ఈ చదువునకు దరఖాస్తు పెట్టుకొనదు.